పండవానీ - నిలువనీడ లేనివారి సాక్ష్యము

భిలాయిని గూర్చి వ్రాయువారు సాధారణముగ ఉక్కును గూర్చియే వ్రాయుదురు. 1955లో సోవియట్ యూనియనుతో ఒడంబడిక జరిగినది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్టు ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు ప్రారంభించిరి. కర్మాగారమునకు తోడుగ ఉద్యోగుల సెక్టారులు వెలసినవి. ఆ నేలపై పూర్వమున్న పల్లెలవారు తరలిపోవలసివచ్చినది. స్థిరోద్యోగికి క్వార్టరు లభించినది; కాంట్రాక్టు కూలీ తన గూడు తానే వెదకికొనవలసినవాడయ్యెను. ఈ యిరువురి జీవితములకు గల అంతరమును జొనాథన్ పారీగారు తమ ‘క్లాసెస్ ఆఫ్ లేబర్’ (2020) అను గ్రంథమున విపులముగ చర్చించిరి.

ఇంటిని గూర్చిన ఈ అభద్రతను లెక్కలు కొంతవరకే చెప్పగలవు. ఎన్ని యిండ్లు కలవో అవి చెప్పును. ఇల్లు పోవుననెడి భయమును చెప్పజాలవు. ఆ పని సామూహిక కళ చేయగలదు. భిలాయి పరిసరములలో అట్టి కళ పండవానీ. తంబూరా చేబూని ప్రధాన గాయకుడో గాయనియో భారతకథను ఛత్తీస్‌గఢీలో వినిపింపగా, ‘రాగీ’ ఊఁకొట్టుచు, నడుమ ప్రశ్నించుచు కథను నడిపించును. తెలుగువారికిది బుఱ్ఱకథలోని వంతలను స్ఫురింపజేయును.

ఇందలి కథావస్తువు ఆలోచింపదగినది. లక్కయింటి దహనము, జూదమున రాజ్యనాశము, అరణ్యవాసము, అజ్ఞాతవాసము, తుదకు అయిదూళ్లైన నిమ్మను కోరిక, దాని నిరాకరణము - ఇది యంతయు నిలువనీడ కోల్పోయినవారి చరిత్రయే. తిక్కనగారి విరాటోద్యోగపర్వములు చదివినవారికి కథ క్రొత్తది కాదు. కాని ఖాళీచేయింతురేమోనను భయముతో బ్రదుకువారి నడుమ విన్నపుడు, అయిదూళ్ల బేరము రాయబార నీతిగ మాత్రమే నిలువదు.

ఇందులకు తీజన్‌బాయిగారి జీవితము ప్రబల నిదర్శనము. భిలాయికి చేరువనున్న గనియారిలో 1956లో జన్మించిన ఈమెను, స్త్రీ పండవానీ పాడరాదని పార్ధీ కులమువారు వెలివేసిరి. ఆమె చిన్న గుడిసె వేసికొని, ఇరుగుపొరుగువారి గిన్నెలు ఎరువు తెచ్చుకొని ఒంటరిగ బ్రదికెను. పాట మాత్రము మానలేదు. పురుషులదేయని తలచిన కాపాలిక శైలిలో నిలుచుండి పాడెను. తరువాత భిలాయి ఉక్కు కర్మాగారమున ఉద్యోగము, 2019లో పద్మవిభూషణ పురస్కారము లభించినవి. గూడులేమి నెఱిగిన కంఠము వనవాసమును పాడినపుడు, ఆ గానమును కేవలము పాఠముగ గ్రహించుట చాలదు.

పాట ఇల్లు కట్టునా యని కొందఱు ఆక్షేపింపవచ్చును. కట్టదు. పేదల దుఃఖమును చూచి, చప్పట్లు చఱచి, ఎవరి యింటికి వారు పోవు ప్రమాదమును కలదు. అయితే ఎవరికి ఇల్లు లేదో, ఏల లేదో వారినోటనే వినకుండ చేయు నిర్ణయములు అంతకంటె ప్రమాదకరములు.

బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపదగేయ సాహిత్యము’ వంటి కృషివలన ఎన్నో పాటలు నిలిచినవి. ఇకమీద పాటతోపాటు పాడువారి నివాసస్థితియు నమోదు కావలెను: ఇల్లు సొంతమా, అద్దెయా, క్వార్టరా, పోరంబోకు నేలపైనిదా? కథ ఎవరి వాకిట జరిగినది? శ్రోతలు ఏ ఘట్టమును మరల కోరిరి? భిలాయిలోని తెలుగు శ్రామిక కుటుంబముల పాటలను సైతము ఈ దృష్టితో సేకరింపవలెను. పాడినవారి చిరునామాను విడిచి పాటను మాత్రము భద్రపఱచుట సగము పరిశోధనయే.