భారమంతా తల్లి మీదనేనా?



కుటుంబ నియంత్రణ గురించి సంఘపు పత్రికలో వ్రాయడమేమిటని కొందరు పెద్దలు అనుకోవచ్చును. అయితే కళ్యాణదుర్గం చుట్టుపట్ల పల్లెల్లో కుటుంబ ప్రార్థనలకు వెళ్లినప్పుడు మా చెవిని పడే బాధల్లో ఇది తరచుగా ఉంటుంది. ఇరవై రెండు, ఇరవై మూడేండ్ల తల్లి. ఇద్దరు బిడ్డలు. ఆపరేషన్ అయిపోయింది. నడుము నొప్పి, నీరసం. అయినా వేరుశనగ పీకను కూలికి పోక తప్పదు. "మీ అబ్బాయికి చేయించవచ్చును కదమ్మా" అంటే అత్తగారు మా వైపు వింతగా చూస్తారు. "వాడు బరువులెత్తేవాడు కదయ్యగారూ!" అంటారు. నీళ్ల బిందెలు, కట్టెల మోపులు ఆ ఇంట్లో ఎవరు ఎత్తుతున్నారో ఆమెకు తెలియనిది కాదు.

మగవారు మొదటినుండి ఇలా తప్పుకొన్నవారు కారు. మన దేశంలో ఈ కార్యక్రమము 1952లోనే మొదలైంది. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క సంవత్సరంలోనే 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగితే, వాటిలో 60 లక్షలకు పైగా మగవారివే. చాలాచోట్ల బలవంతంగా పట్టుకొనిపోయి చేశారు. ఆ కోపము 1977 ఎన్నికలలో ఉత్తరాదిని కనబడింది. ఆ తరువాత ప్రభుత్వాలు మగవారి జోలికి పోవడానికి జంకి, స్త్రీల వైపు తిరిగాయి.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. భర్త చేయించుకున్న ఇండ్లు నూటికి ఒక్కటి కూడా లేదు. మాత్రలు, కాపర్-టి, నిరోధ్ వాడేవారు అన్నీ కలిపినా నూటికి ఇద్దరు లేరు. అంటే కాన్పుకూ కాన్పుకూ మధ్య తల్లికి విశ్రాంతి అన్న ఆలోచనే లేదు. త్వరగా పెండ్లి, వెంటవెంటనే కాన్పులు, ఆపైన ఆపరేషన్! అదే సర్వేలో నూటికి 59 మంది స్త్రీలకు రక్తహీనత ఉన్నట్లు తేలింది. జనాభా తగ్గిందని మనము సంతోషిస్తున్నాము గాని, తగ్గించినది ఈ తల్లి.

ఇద్దరికి మించి పిల్లలున్నవారు పంచాయతీ ఎన్నికలలో నిలబడరాదని 1994 చట్టములో పెట్టారు. 2024లో ఆ నిబంధనను తీసివేశారు. ఇప్పుడు ఎక్కువమందిని కనమని నాయకులే చెబుతున్నారు. వద్దన్నా, కనమన్నా ఆ మాట వచ్చి పడేది ఆమె గర్భము మీదనే. ఆమె ఒంట్లో రక్తమెంత అని అడిగేవారేరి?

ఆదికాండము 1:28లోని ఆశీర్వాదము దేవుడు ఇద్దరికీ కలిపి ఇచ్చాడు. ఆశీర్వాదము ఇద్దరిదైతే భారము ఒక్కరిదెలా అవుతుంది?

సహోదరులారా, మగవారి ఆపరేషన్‌కు ఇప్పుడు కత్తి గాటు లేదు, కుట్లు లేవు. ఆ చోటికి మాత్రమే మత్తిచ్చి, అరగంటలోపే ముగించి అదే రోజు ఇంటికి పంపుతారు. ఒక వారము బరువు పనులు మానితే చాలును. మగతనము తగ్గదు, బలము తగ్గదు. అయితే మూడు నెలల వరకు వేరే జాగ్రత్త తప్పక తీసుకొనవలెను. ఆ తరువాత పరీక్ష చేయించుకొనవలెను. ఈ సంగతి సరిగా వినక మధ్యలో గర్భము వస్తే, నింద మళ్లీ ఆమె మీదికే పోతుంది.

ఆ రోజుల్లో ఆపరేషన్ చేయించుకొని, ఆ తరువాత ముప్పై, నలభై యేండ్లు సేద్యము చేసిన పెద్దలు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. సిగ్గుపడి చెప్పరు. వారిలో ఒక్కరైనా పురుషుల కూటములో లేచి ఆ మాట చెప్పగలిగితే, ఆ ఆదివారము ప్రసంగము తగ్గించుకొని వారికి సమయమివ్వడానికి మేము సిద్ధము.