పడవ ఉన్నవాడి నిద్ర

తెరచాప పడవని ట్రైలర్ మీదికెక్కించి, పికప్ ట్రక్కుతో లాక్కుంటూ అమెరికా తిరగడం సరదాగానే ఉంటుంది. పోయినేడు స్నేహితుడి పడవతో నేనూ వెళ్ళాను. మోటెల్ ఖర్చు లేదు. ఒక పెద్ద దుకాణంలో అడిగి, పార్కింగ్ లాట్ చివర ఆపుకుని, పడవలోనే పడుకున్నాం. తెల్లారి దీన్ని 'స్వేచ్ఛ' అంటూ ఫేస్‌బుక్‌లో రాసుకున్నాను కూడా.

రాయనిది ఒకటుంది. మాకు నాలుగు వరసల అవతల పాత కారులో ఒకావిడ, ఇద్దరు పిల్లలు. రాత్రి పదకొండింటికి సెక్యూరిటీ అతను వాళ్ళని లేపి పంపించేశాడు. తర్వాత మా దగ్గరికొచ్చి, పడవ ఏ సరస్సుకని నవ్వుతూ అడిగాడు!

స్థలం అదే, రాత్రి అదే, ఇద్దరం కట్టిన అద్దె సున్నానే. మాకు వేరే ఇల్లుంది కాబట్టి మాది సాహసం. ఆవిడకి లేదు కాబట్టి ఆవిడది నేరం.

అది ప్రైవేటు స్థలం, వాళ్ళిష్టం అంటారా? సరే, బహిరంగ స్థలం సంగతి చూద్దాం. ఒరెగాన్‌లోని గ్రాంట్స్ పాస్ ఊళ్ళో పార్కులో పక్కేసుకుంటే జరిమానా 295 డాలర్లతో మొదలయ్యేది. ఇల్లు లేనివాళ్ళకైనా సరే, అది క్రూరశిక్ష కాదని 2024 జూన్‌లో సుప్రీంకోర్టు 6-3తో తేల్చింది. చట్టం అందరికీ ఒకటేనట. పడవవాడు ఆ జరిమానా ఎప్పుడైనా కట్టాడా?

ఉచిత పార్కింగ్ వద్దనను. వాషింగ్టన్ రాష్ట్రపు రెస్ట్ ఏరియాల్లో ఎనిమిది గంటలు ఆగొచ్చు. అలాంటి నియమం చాలు, అందరికీ ఒకేలా అమలు చేస్తే. మనం రాసే అమెరికా యాత్రాకథనాల్లోకి ఆ నాలుగో వరస కూడా రావాలి. ముందు నా దాంట్లోకి.