మన సంచికను మనమే నిలుపుకోవాలి

పత్రిక పెట్టడం తేలిక, నడపడం కష్టం. 1922లో నాటి వరంగల్ జిల్లా ఇనుగుర్తి పల్లె నుండి ఒద్దిరాజు సోదరులు 'తెనుగు' పత్రిక నడిపారు. అదే ఏడు నల్లగొండ నుండి 'నీలగిరి' వచ్చింది. రెండూ కొన్నేళ్ళకే ఆగిపోయాయి. అయినా ఆ బాటలోనే 1926లో 'గోలకొండ' వచ్చింది. 1934లో 354 మంది తెలంగాణ కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చి, ఇక్కడ కవులే లేరన్న మాటకు జవాబిచ్చింది.

మా సంచికదీ అదే కష్టం. పటాన్‌చెరు కంపెనీల ప్రకటనలు తీసుకుంటే డీటీపీ, పేపరు ఖర్చులు తీరుతాయి. కానీ నక్కవాగు కాలుష్యంపై తమ్ముడు రాసిన కవిత అదే సంచికలో ఉండగలదా? అందుకే ప్రకటనలు వద్దంటున్నాం.

షిఫ్టు డ్యూటీలు చేస్తున్న పూర్వ విద్యార్థి అన్నలారా! ఉచిత ప్రతి అడగకండి. కొని చదవండి, మీ రచనా పంపండి.