ఉప్పు పాఠము – మూడు భాషలు

ఉప్పు లేని వంటిల్లు లేదు. ఆ ఉప్పులో సోడియము, క్లోరిను ఎట్లు కలిసియున్నవని పదవ తరగతి పిల్లల నడిగినచో, చాలమంది "అయానిక బంధముచేత" అని తడుముకొనక చెప్పుదురు. బంధమనగా నేమి యని మరల నడిగినచో తలలు వంచుకొందురు. మేము తెలుగు బోధించువారమే గాని రసాయన శాస్త్రము బోధించువారము కాము. అయినను ఈ చిక్కు సగము మాటలయందే యున్నదని తోచుటచే నాలుగు ముక్కలు వ్రాయ సాహసించుచున్నాము.

మన హోసూరు ప్రాంతపు పిల్లలకు ఇంట తెలుగు, కార్యాలయములలో తమిళము, సరిహద్దు దాటినచో కన్నడము వినవచ్చును. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన ఆంధ్రప్రదేశమున ఈ పరిస్థితి లేదు. అచ్చటి విద్యార్థికి పరమాణువనగా మూలకము యొక్క మిక్కిలి చిన్న కణము. పరమాణువులు కొన్ని బంధముచే కలిసి యేర్పడినది అణువు. కన్నడమునను అంతే. తమిళమున మాత్రము పరమాణువునే "అణు" అందురు. మన అణువును "మూలక్కూఱు" అందురు. గత సంవత్సరము మా విద్యార్థిని యొకతె పొరుగువారి తమిళ పుస్తకమును జూచి, తాను సరిగా వ్రాసిన యుత్తరమును కొట్టివేసి తప్పు వ్రాసినది. మార్కులు తగ్గగా ఆమె తండ్రి వచ్చి, "తెలుగులో చదివించిందే తప్పైపోయింది అయ్యవారూ, ఇంగ్లీషు బడికి మార్చేస్తాను" అనెను. ఆయన బాధ న్యాయమైనది. తీర్పు మాత్రము సరికాదని మా యభిప్రాయము. ఆ బాలికకు పేర్లు వచ్చును. పేర్ల వెనుకనున్న వస్తువు కంటికి కట్టలేదు. కట్టియున్నచో ఏ భాషాపుస్తకమును ఆమెను తడబరచియుండదు.

ఆ వస్తువును చూతము. సోడియము పరమాణువులో 11 ప్రోటానులు, 11 ఎలక్ట్రానులు కలవు. ఎలక్ట్రానులు 2, 8, 1 చొప్పున అమరియుండును. వెలుపలి ఒక్కటి తొలగినచో 11 ధనావేశములకు 10 ఋణావేశములే మిగులును గనుక అది ధన అయాను అగును. క్లోరినునకు 17 ఎలక్ట్రానులు. అమరిక 2, 8, 7. అది ఒక ఎలక్ట్రానును గైకొని ఋణ అయాను అగును. ఈ విరుద్ధావేశముల ఆకర్షణయే అయానిక బంధము. నీటిలో నిట్లు కాదు. అందు హైడ్రోజను, ఆక్సిజను పరమాణువులు ఎలక్ట్రానులను ఉమ్మడిగా నుంచుకొనును. అది సమయోజనీయ బంధము.

ఇది బోధించునపుడు "సోడియము దాత, క్లోరిను గ్రహీత" అని కథ చెప్పుట పరిపాటి. కథ పిల్లలకు నచ్చును గాని, ఇచ్చిపుచ్చుకొనుటయే బంధమను భ్రమ మిగులును. లెక్క చూడుడు. వాయుస్థితిలో ఒక మోలు సోడియము పరమాణువుల నుండి ఒక్కొక్క ఎలక్ట్రానును తీయుటకు 496 కిలోజౌళ్లు ఖర్చగును. క్లోరిను వానిని గైకొనునపుడు వెలువడునది 349 మాత్రమే. అనగా ఇంతవరకు నష్టమే. ఆ అయానులు ఒకదాని నొకటి ఆకర్షించుకొని స్ఫటికముగా గూడునపుడు సుమారు 787 కిలోజౌళ్లు వెలువడి నష్టము తీరును. ఆ స్ఫటికమున ఒక్కొక్క సోడియము అయాను చుట్టు ఆరు క్లోరైడు అయానులు, ఒక్కొక్క క్లోరైడు చుట్టు ఆరు సోడియము అయానులు నిలిచియుండును. ఇది దీని జత యని విడదీసి చూపుటకు వీలులేదు. కావున "ఉప్పు అణువు" అనుట తెలుగుననే తప్పు. మాతృభాషలోని మాటయైనను అర్థము విచారింపక వాడినచో మోసపుచ్చును.

అయాను అను మాట మనది కాదు; తమిళుల "అయని" వారిది కాదు; ఇంగ్లీషువారిదియు కాదు. 1834లో మైఖేల్ ఫారడే, విలియం హ్యూవెల్ అను పండితుని సలహాతో దానిని గ్రీకు నుండి తెచ్చుకొనెను. "వెళ్లునది" అని యర్థము. ద్రావణమున విద్యుత్తు ప్రసరించునపుడు ధ్రువముల వైపు వెళ్లునది గనుక ఆ పేరు. ఈ వెళ్లుట తెలిసిన బాలునికి, ఉప్పుగల్లు విద్యుత్తును ఏల ప్రసరింపనీయదో, ఉప్పునీరు ఏల ప్రసరింపనిచ్చునో సులభముగా బోధపడును.

కావున మా సూచన యిది. ముందుగా అర్థమును ఇంటి మాటలలో పిల్లలచే చెప్పించవలెను. పిదప పరమాణువు, అణు, ఆటమ్ అనియు, అణువు, మూలక్కూఱు, మాలిక్యూల్ అనియు మూడు భాషల పేర్లను ఒక్కొక్క వరుసలో వ్రాయించవలెను. 2006 నాటి చట్టము తమిళమును మన బడులలోనికి తెచ్చినది; దానిని బరువనుకొనక ఈ విధముగా తోడు చేసికొనవచ్చును. పదునొకండవ తరగతిలో మాధ్యమము మారినను ఈ పట్టిక అక్కరకు వచ్చును.

తల్లిదండ్రులారా! బడి మార్చుటకు ముందు ఒకనాటి రాత్రి చిటికెడు ఉప్పు చేతికిచ్చి, ఇది నీటిలో కరుగునపుడు ఏమి జరుగునని మీ బిడ్డ నడుగుడు. తన మాటలలో చెప్పగలిగినచో ఆ బిడ్డకు రేపు ఏ భాషయు అడ్డు కాదు. చెప్పలేనిచో ఆ లోపము ఏ బడికైనను వెంట వచ్చును. అది మా బోధనలోని లోపము. దయచేసి ముందు మాతో చెప్పుడు.