మన చిత్రాలకు మన గ్రంథాలయంలోనే చోటు

మన కళాశాలలో వార్షికోత్సవాలు, ముషాయిరాలు, నాటక ప్రదర్శనలు ఏటేటా జరుగుతున్నవి. వాటిని చిత్రీకరించేవారికి నేడు కొదవ లేదు. ప్రతి విద్యార్థి జేబులోను కెమెరా ఉన్నది. అయితే పదేళ్ల తరువాత ఆ చిత్రాలను చూడగలవారు ఎందరు? ఈ ప్రశ్నను కళాశాల కమిటీ పెద్దల ముందు, తోటి విద్యార్థుల ముందు ఉంచదలచినాము.

ఇందుకు కారణం లేకపోలేదు. చిరకాలం ఉర్దూ బోధించి పదవీ విరమణ చేసిన ఉపన్యాసకులొకరు వీడ్కోలు సభలో చేసిన ప్రసంగం ఒకే ఒక మిత్రుని ఫోనులో ఉండినది. ఆ ఫోను బస్సులో పోయినది. ప్రసంగమూ దానితోపాటే పోయినది. అటు తరువాత గ్రంథాలయపు బీరువాలో 1989 నాటి వార్షికోత్సవం క్యాసెట్టు ఒకటి దొరికినది. దానిని ఆడించే వి.సి.ఆర్. కోసం ఊరంతా తిరిగినాము. ఆ యంత్రాలను చివరివరకు తయారుచేస్తూ వచ్చిన జపాను సంస్థ ఫునాయ్ 2016 జూలైలో ఆ పని విరమించినది. తుదకు ఒక పాత ఫోటో స్టూడియోవారి దయవల్ల సగం దక్కినది. తక్కిన సగం బూజుకు బలియైనది.

దీనికి మాకు తోచిన ఉపాయం మీడియా సర్వరు. పేరు విని బెదరనక్కరలేదు. మూలపడిన ఒక కంప్యూటరు, ఒక హార్డు డిస్కు, ఒక రౌటరు, ఒక టెలివిజన్, ఇంతమాత్రమే. సెలవులలో ఒక మిత్రుని ఇంట దీనిని అమర్చి చూచినాము. జెల్లీఫిన్ అనే సాఫ్టువేరు ఉచితంగా లభిస్తున్నది. ఎంబీ అనే సాఫ్టువేరు తన మూల సంకేతాన్ని బయటివారికి మూసివేసినప్పుడు, 2018 డిసెంబరులో కొందరు స్వచ్ఛందంగా దీనిని వేరుచేసి నిలిపినారు. అది వీడియోలను బొమ్మలతో, పేర్లతో వరుసగా పేర్చి టెలివిజన్ తెరపై చూపుతుంది. ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. 4.7 గిగాబైట్ల డి.వి.డి.లు సుమారు రెండువందలు ఒక టెరాబైటు డిస్కులో ఇముడుతవి.

మొదటి రాత్రి మాత్రం మాకు పరాభవమే మిగిలినది. చిత్రం రెండు క్షణాలు కదిలి నిలిచిపోవడం, మరల కదలడం! కారణం తెలియగా నవ్వు వచ్చినది. ఫోనులో తీసిన వీడియో భాష ఆ టెలివిజన్‌కు తెలియదు. కనుక సర్వరు అప్పటికప్పుడు దానిని మార్చి అందించవలసి వచ్చినది. ముసలి కంప్యూటరుకు అంత శక్తి ఎక్కడిది? అన్నిటినీ ముందుగానే హెచ్.264 పద్ధతికి మార్చి ఉంచి, వైఫై మాని తీగతో కలుపగా బాధ తీరినది.

మమ్ము ముగ్ధులను చేసిన విషయం వేరొకటి. వీడియో పక్కనే మాటల ఫైలును వేరుగా ఉంచి, దాని పేరు చివర తెలుగుకు 'టి.ఇ.' అని, ఉర్దూకు 'యు.ఆర్.' అని ఆంగ్లాక్షరాలు చేర్చితే చాలు, చూచేవారు తమకు కావలసిన లిపిని ఎన్నుకొనవచ్చును. ఫైలును యూనికోడ్‌లో భద్రపరచాలి. లేనిచో అక్షరాలు చెదరిపోతవి. ముషాయిరా జరిగే సాయంకాలం తెలుగు శాఖ విద్యార్థులు వెనుక వరుసల నుండి మెల్లగా లేచిపోవడం మనమెరుగని సంగతి కాదు. షేర్ వినిపిస్తుండగా దాని భావం తెలుగులో తెరపై కనబడితే వారు లేస్తారా? తెలుగు నాటకానికి ఉర్దూలో మాటలు వ్రాసే మిత్రులు మనలో లేరా? ఒకే ప్రాంగణంలో మూడేళ్లు గడిపి, పక్క తరగతివారి కవిత్వం ఎరుగక వెడలిపోవడం మాకు సిగ్గుగా తోచుచున్నది.

యూట్యూబు ఉన్నది గదా అని పెద్దలు అనవచ్చును. నిజమే. కాని అక్కడి ఖాతా ఎవరో ఒక విద్యార్థి పేర ఉంటుంది. అతడు వెళ్లిన పిదప తాళంచెవి ఎవరిది? అదిగాక, మన ఆడపిల్లల నాటకాన్ని లోకమంతటికీ పెట్టడానికి అందరి తల్లిదండ్రులూ సమ్మతించరు. గ్రంథాలయపు గోడలు దాటని సర్వరుకు ఆ చిక్కు లేదు. సినిమాల దొంగ ప్రతులకు మాత్రం దానిలో చోటీయరాదు. మనవి మనకు చాలును.

ఒక్క డిస్కును నమ్మరాదు. రెండవ ప్రతి ప్రిన్సిపాలుగారి గదిలో ఉండాలి. విద్యుత్తు సంగతి చెప్పవలెనన్న, 60 వాట్ల యంత్రం పగలూ రేయీ నడిచినా రోజుకు 1.44 యూనిట్లే.

విద్యార్థులకు ఇది మించిన పని అనేవారికి ఒక మాట. నేడు లోకమంతటా వాడుతున్న వి.ఎల్.సి. ప్లేయరుకు మూలమైన వీడియోలాన్, 1996లో ఎకోల్ సెంట్రాల్ పారిస్ విద్యార్థులు తమ ప్రాంగణంలో వీడియో ప్రసారానికై తలపెట్టినదే. మేము కోరేది అంత కూడా కాదు: రెండు డిస్కులు, పఠన మందిరంలో ఒక మూల, బాధ్యత వహించే ఒక ఉపన్యాసకులు.

ఆ 1989 క్యాసెట్టులో దక్కిన భాగం ఇప్పుడు మా డిస్కులో ఉన్నది. వేదికపై ఖవ్వాలీ పాడుతున్న ఆరుగురి పేర్లు మాకెవరికీ తెలియవు. గుర్తుపట్టగల పూర్వ విద్యార్థులు ఒక సాయంకాలం వచ్చి చెప్పగలరేమోనని ఎదురుచూచుచున్నాము.