గుర్రాల సంతకు వెళ్ళేవారి బస

సూరత్ మీదుగా సముద్రాన్ని చేరే తపతీ నది ఒడ్డునే, ఎగువన, మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా సారంగ్‌ఖేడా ఉన్నది. అక్కడ ఏటా మార్గశిర పౌర్ణమికి, దత్త జయంతినాడు, గుర్రాల సంత ఆరంభమవుతుంది. మార్వాడీ, కాఠియావాడీ అశ్వాలు దూరప్రాంతాలనుంచి వస్తాయి.

సూరత్‌లో మరమగ్గాలపై బ్రతికే తెలుగు కుటుంబాలు అనేకం. బంధువుల ఇంట దిగి, రైలులో పోయి రావచ్చునని పలువురు తలుస్తారు. వేడుక చూడబోయేవారికి అది చాలు, కొనబోయేవారికి చాలదు. నందుర్బార్ వరకే సుమారు 160 కిలోమీటర్లు. అటుపైన రోడ్డు ప్రయాణం. చేరేసరికి పొద్దెక్కుతుంది.

గుర్రాన్ని చూడవలసింది తెల్లవారుజామున, కట్టుకొయ్య వద్ద, దాని ఒళ్ళు వేడెక్కకముందు. కీళ్ళ బిగువు, స్వల్పమైన కుంటు కొంతసేపు నడిపించగానే మరుగుపడవచ్చు. మధ్యాహ్నం వచ్చినవాని కంటికి అవి ఆనవు.

అందుచేత కొనదలచినవారు ముందురాత్రే నందుర్బార్‌లోనో, దొండాయిచాలోనో, సంత గుడారాలలోనో బసచేయడం మేలు. అయితే ఆ చలికాలంలో నది ఒడ్డున గుడారం పసిపిల్లలకూ ఉబ్బసం ఉన్నవారికీ తగదు. వారిని సూరత్‌లోనే ఉంచాలి. ఒక్క రాత్రి గది అద్దెకు వెనుకాడినవారు కుంటిగుర్రాన్ని ఏళ్ళతరబడి మేపవలసి రావచ్చు.