ఇంటి పద్దు: పెట్టె మీది అంకె, పిల్ల చేతి కొలత

బరంపురం నుండి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. పేరు వేయవద్దన్నారు కనుక వేయడం లేదు. ప్లస్ టూ చదివే వారి అమ్మాయి గేమింగ్ మౌస్ కావాలని రెండు నెలలుగా అడుగుతోందట. ఇంట్లో ఉన్న మౌస్‌తో ఆడితే ఉంగరపు వేలూ, మణికట్టూ నొప్పి పెడుతున్నాయట. దుకాణానికి వెడితే అక్కడి అబ్బాయి రెండు పెట్టెలు ముందు పెట్టి, దీనికి 8,000, దానికి 26,000 అని ఏవో అంకెలు చెప్పి, రెండోదే కొనమన్నాడట. ధరలో తేడా రెట్టింపు పైమాటే. "ఆ అంకె కోసం అంత డబ్బు పెట్టవచ్చునా? అసలు ఆటలకని మౌస్ కొనిపెట్టడం పిల్లను చేజేతులా చెడగొట్టడం కాదా? అన్నట్టు, మా అమ్మాయిది పుర్రచేతి వాటం" అని ఉత్తరం ముగించారు.

ఆఖరి మాటను ఆవిడ "అన్నట్టు" అని చివర్లో వేశారు గానీ, ఈ వ్యవహారంలో అసలు పద్దు అదే. దానికి వచ్చే ముందు మిగతా రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పాలి.

చెడగొట్టడం సంగతి. కంప్యూటర్‌లో ఆట వేరు, డబ్బు ఒడ్డి ఆడే ఆట వేరు. రెండో దాని వల్ల ఖాతాలు ఖాళీ చేసుకున్నవారిని కౌంటర్ ఇవతల కూర్చుని చూసినవాణ్ణి కాబట్టి దాని మీద నాకు ఏ దయా లేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కూడా ఈ రెంటినీ విడదీసి, డబ్బు ఒడ్డే ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు పతకాలు కూడా ఇచ్చారు. అలాగని మీ అమ్మాయి పతకం తెస్తుందని కాదు. క్యారమ్ బోర్డు కొనిపెట్టేటప్పుడు పతకం గురించి ఎవరం ఆలోచించాం? ఎన్ని గంటలు ఆడాలన్నది మౌస్‌తో తేలే విషయం కాదు, అది మీరూ అమ్మాయీ కూర్చుని తేల్చుకోవలసినది. నొప్పి పెట్టే మౌస్‌ను అలాగే ఉంచితే ఆట తగ్గుతుందని మాత్రం అనుకోకండి. నొప్పితోనే ఆడతారు.

ఇక ఆ అంకె. దాన్ని డి.పి.ఐ. అంటారు. మౌస్‌ను బల్ల మీద ఒక అంగుళం జరిపితే, అది ఎన్ని అడుగులు జరిగినట్లు కంప్యూటర్‌కు లెక్క చెబుతుందో ఆ సంఖ్య. మన ఇళ్ళల్లో మామూలుగా ఉండే తెర అడ్డంగా 1,920 చుక్కలు. మౌస్‌ను 800 వద్ద పెడితే తెర ఈ చివర నుండి ఆ చివరకు బాణం గుర్తు వెళ్ళడానికి చేయి 2.4 అంగుళాలు జరగాలి. అదే 26,000 వద్ద పెడితే రెండు మిల్లీమీటర్లు కూడా అక్కరలేదు! ఊపిరి గట్టిగా పీలిస్తే చాలు, గుర్తు గోడ దూకుతుంది. అందుకే పోటీల్లో ఆడే వాళ్ళల్లో చాలామంది 400, 800, 1,600 దగ్గరే ఉంటారు. పైనున్న వేలన్నీ అట్టపెట్టె మీద అచ్చు వేసుకోవడానికి పనికొస్తాయి. ఎనభై వేలు వాడుకునే ఖాతాదారుకు ఇరవై ఆరు లక్షల ఓవర్‌డ్రాఫ్ట్ మంజూరు చేసి, మొత్తం లిమిట్ మీద ప్రాసెసింగ్ ఫీజు కట్టించుకోవడం వంటిది ఇది.

తమాషా ఏమిటంటే, ఆటల కోసమని ప్రత్యేకంగా తయారైన మొదటి మౌస్‌గా చెప్పుకునే బూమ్‌స్లాంగ్ 1999లో 2,000 అంకెతో వచ్చింది. ఆ 2,000 ఇప్పటికీ మన చేతికి ఎక్కువే. చేయి పెరగలేదు, అంకె పెరిగింది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. అడుగున ఉండే సెన్సార్ మంచిదా చెడ్డదా అన్నది ముఖ్యమే. చేతిని ఒక్కసారిగా విసిరినప్పుడు మంచి సెన్సార్ లెక్క తప్పదు, నాసిరకంది తప్పుతుంది. అది పెట్టె మీది అంకెను బట్టి తెలియదు. పైగా మూడు నాలుగు వందల రూపాయల మౌస్‌ల మీద కూడా పెద్ద పెద్ద అంకెలు ఉంటాయి. వాటిలో కొన్ని, సెన్సార్ చదివిన ఒక అడుగును నాలుగుగా హెచ్చవేసి చూపేవి. రూపాయి జమ చేసి పాస్ పుస్తకంలో నాలుగు వ్రాసుకున్నట్లు! పేరున్న కంపెనీ వారి వైరు ఉన్న గేమింగ్ మౌస్ రెండు వేల రూపాయల లోపలే దొరుకుతుంది, అందులోని సెన్సార్ ఇంట్లో ఆడే పిల్లలకు ధారాళంగా సరిపోతుంది.

దుకాణాల్లో మరో అంకె కూడా వినిపిస్తారు: సెకనుకు ఎన్నిసార్లు మౌస్ కబురు పంపుతుందన్నది. మామూలు మౌస్ 125 సార్లు, అంటే 8 మిల్లీ సెకన్లకు ఒకసారి. గేమింగ్ మౌస్ 1,000 సార్లు. ఈ తేడా ఆడేవాళ్ళకు తెలుస్తుంది. ఈ మధ్య 8,000 సార్లు పంపేవి కూడా వచ్చాయి. దానివల్ల మిగిలేది ఒక మిల్లీ సెకను కూడా లేదు. ఇంట్లో ఉన్న 60 హెర్ట్‌జ్ తెర కొత్త బొమ్మ వేయడానికే దాదాపు 17 మిల్లీ సెకన్లు తీసుకుంటుంది. 1,000 చాలు.

సరే, అంకెలు ప్రక్కన పెట్టి చేయి చాపమనండి. పిల్లల జామెట్రీ పెట్టెలోని స్కేలుతో మణికట్టు గీత నుండి మధ్య వేలి కొస వరకు కొలవండి. ఆ పొడవులో సుమారు అరవై శాతం ఉన్న మౌస్ చాలామందికి నప్పుతుంది. 17 సెంటీమీటర్ల చేతికి పది, పదిన్నర. 19 సెంటీమీటర్లకు పదకొండున్నర. ఇది శాసనం కాదు, చెప్పు సైజు వంటి అంచనా మాత్రమే. పట్టుకునే తీరును బట్టి మారుతుంది. కొందరు అరచేతిని మొత్తం మౌస్ మీద ఆనిస్తారు, వారికి వీపు ఎత్తుగా ఉన్నది హాయి. కొందరు వేళ్ళను కోడి గోళ్ళలా వంచి పట్టుకుంటారు. మరి కొందరు ముగ్గుపిండి పట్టినట్లు వేలికొసలతోనే నడుపుతారు, వారికి చిన్నదీ తేలికైనదీ కావాలి. మీ అమ్మాయి ఆడుతున్నప్పుడు ఏమీ అనకుండా వెనుక నిలబడి ఓ పది నిమిషాలు చూడండి, ఏ రకమో తెలిసిపోతుంది. ఏమీ అనకుండా నిలబడటమే కష్టం, నాకు తెలుసు.

ఇప్పుడు పుర్రచేతి వాటం. గేమింగ్ మౌస్‌లలో ఎక్కువ భాగం కుడిచేతికి పోత పోసినవి. ఎడమ వైపు బొటనవేలు కూర్చోవడానికి లోపలికి తవ్వి ఉంటుంది, అక్కడే రెండు చిన్న బొత్తాలు. కుడి వైపు ఉంగరపు వేలు, చిటికెన వేలు ఆనుకోవడానికి వాలుగా విస్తరించి ఉంటుంది. అదే మౌస్‌ను ఎడమ చేత్తో పట్టుకుంటే ఉంగరపు వేలు బొటనవేలి గుంటలో పడుతుంది, ఆ బొత్తాలు అడుగడుగునా అడ్డం వస్తాయి. వాటిని నొక్కకుండా తప్పించుకోవడానికి వేలిని బిగబట్టి ఉంచవలసి వస్తుంది. మీ ఇంట్లో ఉన్నది ఇటువంటిదే అయితే, ఉత్తరంలో మీరు వ్రాసిన నొప్పికి కారణం ఇది కావచ్చు. మౌస్ మార్చినా, పది రోజులు విశ్రాంతి ఇచ్చినా నొప్పి పోకపోతే, లేదా వేళ్ళు తిమ్మిరెక్కుతుంటే డాక్టర్‌కు చూపించండి. అది నా శీర్షికలో తేలే విషయం కాదు.

కొనే ముందు అమ్మాయిని అడగవలసిన ప్రశ్న ఒకటుంది: మౌస్ ఏ చేత్తో పట్టుకుని ఆడటం ఇష్టం? ఇదేం ప్రశ్న అనకండి. కంప్యూటర్ ఆటల్లో ఎడమ చేయి కీబోర్డు మీద డబ్ల్యు, ఎ, ఎస్, డి అక్షరాల దగ్గర ఉండి మనిషిని నడిపిస్తుంది, కుడి చేయి మౌస్‌తో గురి చూస్తుంది. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో మొట్టమొదటిసారి మౌస్‌ను జనానికి చూపించిన రోజునే కుడిచేత మౌస్, ఎడమచేత అయిదు మీటల చిన్న పలక పెట్టుకుని కూర్చున్నారు. అప్పటి నుండి అదే ఆనవాయితీ. ఈ ఏర్పాటు వల్ల అన్నం తప్ప అన్నీ ఎడమ చేత్తో చేసే పిల్లలు కూడా చాలామంది కుడి చేత్తోనే మౌస్ ఆడిస్తారు, వారికి ఏ ఇబ్బందీ లేదు. మీ అమ్మాయి అలా అంటే ఏ మౌస్ అయినా కొనవచ్చు. ఎడమ చేయే కావాలంటే మాత్రం దయచేసి మార్చే ప్రయత్నం చేయకండి. "ఎడమ చేత్తో ఇవ్వకు" అని బామ్మలు చెప్పే మాట పెళ్ళి భోజనాల బంతి దగ్గర సరే, ఇక్కడికి తీసుకురావద్దు. మా బ్రాంచిలో ఎడమ చేత్తో నోట్లు లెక్కపెట్టే కాషియర్ ఒకాయన ఉండేవారు. సాయంత్రం లెక్క సరిపోయి అందరికంటే ముందు ఇంటికి వెళ్ళేది ఆయనే.

ఎడమ చేతివారికి బజారులో సరుకు తక్కువ, అందులోనూ ఈ మధ్య మరీ తగ్గింది. లాజిటెక్ వారి జి ప్రో వైర్‌లెస్ 2018లో వచ్చినప్పుడు బొత్తాలు రెండు ప్రక్కలా అమర్చుకునే వీలుండేది. రేజర్ వారు 2019లో తెచ్చిన వైపర్‌కు కూడా రెండు వైపులా బొత్తాలు ఉన్నాయి. వాటి తరువాత వచ్చిన సూపర్‌లైట్ (2020), వైపర్ వి2 ప్రో (2022) బరువు తగ్గించుకునే పనిలో కుడివైపు బొత్తాలను తీసేశాయి. అచ్చంగా ఎడమచేతికే చేసినవి లేకపోలేదు. 2020లో రేజర్ వారు నాగా అనే మౌస్‌ను ఎడమచేతివారికి తెచ్చారు, కానీ అది ప్రక్కన డజను బొత్తాలతో వేరే రకం ఆటలకు ఉద్దేశించినది, ఖరీదు కూడా ఎక్కువే. కాబట్టి పెట్టె మీద "రెండు చేతులకూ" అన్న మాట చూసి తృప్తి పడవద్దు. ఆకారం రెండు వైపులా సమానంగా ఉంటుంది, బొత్తాలు మటుకు ఎడమ వైపే ఉంటాయి. మౌస్‌ను తిప్పి కుడి ప్రక్క చూడండి.

సోదరీ, మీ అమ్మాయి ఎడమ చేత్తోనే ఆడతానంటే నా సలహా ఇది. ఆకారం రెండు వైపులా సమానంగా ఉన్న, వైరు ఉన్న, 90 గ్రాముల లోపు మౌస్ ఒకటి తీసుకోండి. లాజిటెక్ జి102 ఈ కోవలోదే: 8,000 డి.పి.ఐ., 85 గ్రాములు, పదకొండున్నర సెంటీమీటర్ల పైచిలుకు పొడవు. ప్రక్క బొత్తాలు ఎడమ వైపే ఉన్నా బొటనవేలి గుంట లేదు కనుక వేళ్ళకు చోటు దొరుకుతుంది. అడ్డొచ్చే ఆ రెండు బొత్తాలకు ఏ పనీ లేకుండా సెట్టింగ్స్‌లో తీసేయవచ్చు. విండోస్‌లో కుడి, ఎడమ నొక్కులను తారుమారు చేసుకోవచ్చు. కీబోర్డు మీద నడక అక్షరాలను కుడి వైపు ఐ, జె, కె, ఎల్‌కు మార్చుకోవడానికి చాలా ఆటలు వీలిస్తాయి. ఆ మార్పు అలవాటు కావడానికి కొంత కాలం పడుతుంది, అమ్మాయి విసుక్కున్నా కంగారు పడకండి. రెండో పెట్టెకు పెట్టబోయిన సొమ్ములో కొంత వెచ్చించి పెద్ద గుడ్డ ప్యాడ్ కొనండి. తక్కువ డి.పి.ఐ.లో ఆడేవారికి చేయి జరపడానికి చోటు కావాలి.

సముద్రం దగ్గర ఉండేవారికి, అంటే బరంపురం, చెన్నై, యానాం, ముంబాయి పాఠకులకు ఒక్క విషయం. ప్రక్కల మెత్తటి రబ్బరు పూత ఉన్న మౌస్ కొనవద్దు. ఆ ఉక్కకూ చెమటకూ రెండు మూడేళ్ళలో బెల్లం పాకంలా చేతికి అంటుకుంటుంది. గరుకు ప్లాస్టిక్ మేలు. తేలిక కోసమని వీపంతా తేనెపట్టులా రంధ్రాలు చేసినవి కూడా ఉన్నాయి, ఆ రంధ్రాల్లో చేరే దుమ్ము ఎవరు తుడుస్తారో ముందే తేల్చుకోండి. వైరు లేనిది కావాలంటే యు.ఎస్.బి. రిసీవర్ ప్రత్యేకంగా ఇచ్చినదై ఉండాలి, ఒట్టి బ్లూటూత్ ఆటలకు పనికిరాదు. నొక్కులు రెండు కోట్లు వస్తాయని వ్రాస్తారు. రోజుకు అయిదు వేల చొప్పున లెక్క వేస్తే దాదాపు పదకొండేళ్ళు! వాస్తవంలో ఒకసారి నొక్కితే రెండుసార్లు పడే జబ్బు అంతకు చాలా ముందే పట్టుకుంటుంది. కాబట్టి వారంటీ ఎంతకాలమో అడిగి, 18 శాతం జి.ఎస్.టి. చూపే బిల్లు తీసుకోండి. బిల్లు వద్దంటే వంద తగ్గిస్తామనే వారికి నమస్కారం పెట్టి వచ్చేయండి.

బెంగుళూరు ఎస్.పి. రోడ్డు, చెన్నై రిచ్చీ స్ట్రీట్, ముంబాయి లామింగ్టన్ రోడ్డు దగ్గర్లో ఉన్నవారు పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళి, విప్పి ఉంచిన మౌస్‌ను చేత్తో పట్టుకోనివ్వండి. ఇంటికి తెప్పించుకునేవారు, నచ్చకపోతే డబ్బు వాపసు ఇస్తారా, పాడైతేనే మార్చి ఇస్తారా అన్నది ఆర్డరు పెట్టకముందే చదవండి. ఆ రెండూ ఒకటి కావు. వచ్చిన రోజే విండోస్ మౌస్ సెట్టింగ్స్‌లో "ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్" అన్నచోట టిక్కు తీసేసి, 800 వద్ద పెట్టి అమ్మాయిని ఆడి చూడమనండి. వాపసు గడువు ముగియకముందే ఉంగరపు వేలు ఏమంటోందో కనుక్కోండి.

వచ్చే సంచికలో లాకర్ నామినేషన్ గురించి.